లెన్సుకు పుత్తూరు కట్టు

మా చిత్తూరు సీమలో మనిషి కింద పడితే దిక్కులు మూడు. తిరుపతిలో బర్డ్ ఆసుపత్రి ఒకటి, పుత్తూరు కట్టు రెండు, ఆ రెండూ చేతులెత్తేస్తే ఏడుకొండలవాడు. అదే మనిషి చేతిలోని కెమెరా లెన్సు పడితే మాత్రం దిక్కులకు అంతులేదు. ఎదురొచ్చిన ప్రతివాడూ వైద్యుడే, టీ గ్లాసు పట్టుకున్న ప్రతి చెయ్యీ నాడి చూసేదే. పోయిన గంగ జాతరలో ఈ జ్ఞానం నాకు నడుమెత్తు నుంచి సిమెంటు రోడ్డు మీద పడి మరీ ప్రాప్తించింది.

పడ్డ లెన్సు నాదైతే ఈ రాత ఉండేది కాదు. నాలుగు రోజులు ఏడ్చి ఊరుకునేవాణ్ణి. అది మా బావమరిదిది. బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతినిండా లెక్క. మా రాయలసీమలో డబ్బును లెక్క అనే అంటాం, ఉన్నవాడికి దాంతో లెక్కలేదు కాబట్టి. రెండు జెర్సీ ఆవుల ధర పెట్టి కొన్నాడు. 24-70 మిల్లీమీటర్ల జూమ్, ఎఫ్ 2.8. చేతిలో పెట్టుకుంటే చిన్నసైజు రోలు పట్టుకున్నట్టుంటుంది. సంక్రాంతికి వచ్చినప్పుడు తానే తెచ్చి, “నువ్వే వాడుకో బావా, నా దగ్గరుంటే ఊరికే బూజు పడతాది. తిరిగియ్యాలని తొందరేం లేదు” అని నా చేతిలో పెట్టి పోయాడు. అల్లుడికి ఉంగరం సంగతి పదిహేనేళ్లుగా ‘చూద్దాంలే’ అంటున్న ఇంటి నుంచి ఇంత ఔదార్యం పుట్టుకొచ్చినప్పుడు బుర్ర ఉన్నవాడెవడైనా అనుమానించాలి. నేను మురిసిపోయాను.

ఇక జాతర. తాతయ్యగుంట గంగమ్మ జాతర గురించి తిరుపతి వాళ్లకు చెప్పేదేముంది, బయటివాళ్ల కోసం రెండు ముక్కలు. ఆడవాళ్లను చెరపట్టిన పాలెగాడు అమ్మవారికి భయపడి దాక్కున్నాడట. వాణ్ణి బయటికి రప్పించడానికి గంగమ్మ రోజుకో వేషం కట్టి, నోటికొచ్చిన బూతులు తిట్టుకుంటూ ఊరంతా తిరిగిందట. అందుకే బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అంటూ రోజుకో వేషం. అందుకే ఆ వారం తిట్టు తప్పు కాదు, మొక్కు. 2024 డిసెంబరులో ‘పుష్ప 2’ వచ్చి అందులో హీరో చీర కట్టి జాతర ఆడాక ఈ మొక్కుకు కొత్త తెగులు పట్టింది. వేషం కట్టినవాడు ఒక్కడుంటే వాడి చుట్టూ కెమెరాలు ఇరవై. అమ్మవారి ముందు కూడా భక్తుడు మోకాళ్ల మీద కూర్చోవడం లేదు గాని, వేషగాడి ముందు ఫొటోగ్రాఫరు కూర్చుంటున్నాడు, యాంగిల్ కోసం.

ఆ ఇరవైమందిలో ఇరవయ్యో వాణ్ణి నేను. జనంలో నిలబడి లెన్సు మార్చాను. కెమెరాకు లెన్సు తగిలించేటప్పుడు ‘టక్’ అని వినపడేదాకా తిప్పాలి, పిన్ను గాడిలో కూర్చునే చప్పుడది. డప్పుల మోతలో నాకు ఏ ‘టక్’ వినపడుతుంది? మాతంగి వేషంలో ఉన్న ఒక మీసాల యువకుడు భుజం తగిలించాడు. లెన్సు బాడీని వదిలి, గాలిలో ఒక్క క్షణం ఆలోచించి, రోడ్డును ఎంచుకుంది. ఆ యువకుడు వెనక్కి తిరిగి మా వంశాన్ని మూడు తరాల దాకా తిట్టాడు. మొక్కు కదా, దండం పెట్టుకున్నాను.

నష్టం ఇది. ముందున్న ఫిల్టరు గాజు పిండి పిండి అయింది. ఫిల్టరు బిగించే అంచు ఒకచోట సొట్టపోయి నవ్వుతున్న నోరులా తయారైంది. జూమ్ తిప్పితే 50 దగ్గర దాకా వచ్చి మొండికేస్తోంది, లోపల ఏదో గరగర. అంతే. ఇది నాకు ఇప్పుడు తెలిసినంత. ఆ పూట తెలిసిందల్లా మా ఆవిడ అడిగిన ఒక్క ప్రశ్న. “మా తమ్మునికి ఏం మొగం చూపిస్తావు?”

మర్నాడు పొద్దున నాలుగు కాళ్ల మండపం దగ్గర టీ అంగడిలో కమిటీ కూర్చుంది. పిలవకుండానే వచ్చింది. మన ఊళ్లో కోరం లేక వాయిదా పడే మీటింగులు మునిసిపాలిటీలో ఉంటాయేమో గాని టీ అంగడిలో ఉండవు.

మొదట నోరు తెరిచింది రియల్ ఎస్టేటు బ్రోకరు. “గీతలు పడినాయా సామీ? పండ్లపొడి గాదు, తెల్ల పేస్టు తీసుకో. గుడ్డతో గుండ్రంగా రుద్దు. అద్దం మాదిరి అయిపోతాది. నా కారు హెడ్‌లైట్లు అట్లనే చేసినా.” లెన్సు గాజు మీద ఉండే పూత మందం ఒక మిల్లీమీటరులో పదివేలో వంతు, కాస్త అటూ ఇటూగా. వెలుగు వెనక్కి తిరిగి తళుక్కుమనకుండా ఆపేది అదే. పేస్టులో ఉండేది పండ్ల మీది గారను గీకే పొడి. ఈయన చెప్పింది చేసి ఉంటే గీతా పోయేది, పూతా పోయేది, రెండు ఆవులూ పోయేవి. పైగా గాజు మీద గీతలే లేవు! ఆయన అడిగాడు, నేను జవాబు చెప్పేలోగా వైద్యం మొదలుపెట్టాడు. మన దేశంలో అడగడమంటే మందు చెప్పడానికి ముందు గొంతు సవరించుకోవడం.

సెల్‌ఫోన్ అంగడి పిల్లోడు బియ్యం డబ్బాలో మూడు రోజులు పెట్టమన్నాడు. “నీళ్లలో పడలేదు కదరా, రోడ్డు మీద పడింది” అన్నాను. “ఏదైనా బియ్యమే అన్నా” అన్నాడు. రిటైరైన ఫిజిక్సు లెక్చరరు గారు పేపరు అంచు మీద కుంభాకార కటకం గీసి, ప్రధానాక్షం గీసి, నాభ్యంతరం గుర్తుపెట్టి, ఒక పూట పాఠం చెప్పారు. బొమ్మ చాలా బాగుంది. బొమ్మలోని కటకం పడలేదు. పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు ఒకాయన నా భుజం మీద చెయ్యివేసి, ఎవరో పోయిన ఇంటికి వచ్చినట్టు గొంతు తగ్గించి, “రిపేరు గిపేరు ఒద్దన్నా. బాడీతో సహా తీసేసి మిర్రర్‌లెస్‌కు పో. నా పాత కస్టమరు ఒకాయన అమ్ముతా ఉండాడు” అన్నాడు. పరామర్శకు వచ్చి సంబంధం మాట్లాడి పోయే బాపతు. పక్కింటి పెద్దమ్మ మాత్రం న్యాయంగా మాట్లాడింది. “దిష్టి నాయనా. నిమ్మకాయ తిప్పి నాలుగు దోవల కాడ పారెయ్.” ఖర్చు ఐదు రూపాయలు, పూతకు నష్టం లేదు. కమిటీ చెప్పిన వాటిలో లెన్సుకు హాని చెయ్యని వైద్యం అదొక్కటే.

చివర్లో ఎవరో, “పుత్తూరుకు తీసకపో సామీ, కట్టు కడతారు” అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు ఎవడు ఏం చెప్పినా ఒక సంగతి మాత్రం ఎవడికీ తట్టలేదు. లెన్సును కెమెరాకు తగిలించి ఒక్క ఫొటో తీసి చూడడం.

కమిటీ మీద నమ్మకం పోయి కంపెనీ వారి సర్వీసు సెంటరును నమ్ముకున్నాను. అది చెన్నైలో. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. బండి రేణిగుంట దాటుతుంటే కిటికీలోంచి చూస్తూ అనుకున్నాను, ఇది ఎంత వింత జిల్లా! రేణిగుంట పక్కన పారిశ్రామిక వాడలో సీసీ కెమెరాలు లక్షల్లో తయారుచేశారు. అటు తడ దగ్గర శ్రీసిటీలో సెల్‌ఫోన్లకు కెమెరా కళ్లు తయారుచేసే కార్ఖానా ఉంది. దేశంలో ఎవడి సందులో దొంగ దూరినా మా ఊరి కన్ను చూసి ఉండొచ్చు. అలాంటి చోట ఒక లెన్సు అంచు సొట్టపోతే దాన్ని చూసే నాథుడు లేక నూటముప్పై కిలోమీటర్ల పైన పోతున్నాను. చేసే ఊళ్లో బాగుచేసేవాడు ఉండడు. ఉంటే కొనేవాడు ఉండడని భయం కాబోలు.

పుత్తూరు స్టేషనులో బండి ఆగింది. చేతికి కట్టు, కాలికి కట్టు, వెదురు బద్దలతో దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ. నిన్న నవ్విన మాట గుర్తొచ్చి ఈసారి నవ్వు రాలేదు. పుత్తూరు దగ్గర ఈశ్వరాపురం రాచపాళెంలో రాజుల కుటుంబం 1881 నుంచి ఈ కట్టు కడుతోందని చెబుతారు. వేటకు పోయిన పెద్దాయన కాలు విరిగిన కుందేటిని ఆకుల్లో చుట్టి తెస్తే, ఇంటికొచ్చేసరికి ఎముక అతికి ఉందనీ, ఆ ఆకే ఈ వైద్యానికి మూలమనీ కథ. కుందేలు సంగతి దేవుడెరుగు. కట్టులో ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ. ఎక్సరేలున్న ఈ రోజుల్లో ఎముక విరిగినవాడు ఆసుపత్రికే పోవాలని నా మతం, ఆ మాట అక్కడ గట్టిగా అంటే నా ఎముక విరుగుతుంది. కాని ఒక్క మర్యాద ఒప్పుకోవాలి. కట్టు కట్టేవాడు ముందు చేత్తో తడిమి చూస్తాడు. ఎక్కడ నొప్పి, ఎక్కడ వాపు, ఎముక ఎటు జరిగిందీ వేళ్లతో వెతికి, తర్వాతే బద్ద తీస్తాడు. చీలమండ బెణికితే తొడ దగ్గరి నుంచి కొత్త కాలు పెట్టుకోమని ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

ఆ మాట వినాలంటే చెన్నై దాకా పోవాలి.

అద్దాల గది, ఏసీ, టోకెను, పెదాల మీద ముందే అచ్చువేసిన నవ్వు. కౌంటరు దగ్గరి కుర్రాడు లెన్సును అందుకుని ముందు ఒకసారి, వెనక ఒకసారి చూశాడు. నలభై సెకన్లు. తిరుమలలో స్వామి దర్శనం కూడా అంతకన్నా ఎక్కువసేపు దొరకదు కాబట్టి ఆ లెక్కన నేను తప్పు పట్టను. ఆ తర్వాత కంప్యూటరులో కొట్టడం మొదలుపెట్టాడు. ముందు భాగం అసెంబ్లీ. జూమ్ అసెంబ్లీ. ఫ్లెక్సు కేబులు. కూలి. అన్నిటి మీదా 18 శాతం జీఎస్టీ. మొత్తం ఒకటింబావు ఆవు.

“సొట్టపోయింది అంచు ఒక్కటే కదా బాబూ, అది సరిచేస్తే చాలదా?”

“అంచు విడిగా రాదు సార్. అసెంబ్లీగానే వస్తుంది.”

“జూమ్ ఎందుకు ఆగిందో చూశారా?”

“అది చూడాలంటే విప్పాలి సార్. విప్పాలంటే మీరు ఎస్టిమేటు ఒప్పుకోవాలి.”

అంటే రోగం తెలియాలంటే ముందు ఆపరేషనుకు సంతకం పెట్టాలి. “పోనీ, వారంటీ?” అన్నాను. వారంటీ అన్న మాట వినగానే కుర్రాడి నవ్వు ఇంకా తియ్యనైంది. “ఫిజికల్ డ్యామేజీ రాదు సార్.” పడడం ఫిజికల్ డ్యామేజీ. తడవడం లిక్విడ్ డ్యామేజీ. బూజు పట్టడం వాతావరణం. ఇసుక దూరడం వాడకం. వారంటీ కాగితం పుట్టిందల్లా బీరువాలో పడుకున్న లెన్సులకే అని అర్థమైంది. ఒప్పుకోనన్నాను. అయితే చూసినందుకు ఛార్జీ కట్టమన్నాడు. చూడలేదు కదా అన్నాను. “చూడకపోతే ఎస్టిమేటు ఎట్లా వచ్చింది సార్?” అన్నాడు. ఈ తర్కం ముందు మా ఫిజిక్సు లెక్చరరు గారు కూడా నిలబడలేరు. కట్టాను.

ఇలాంటి వాటి కోసమే ఢిల్లీలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, ‘రైట్ టు రిపేర్’ అని ఒక పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పనిముట్లు, మొబైళ్లు-ఎలక్ట్రానిక్సు, ఇంటి సామాన్లు, వాహనాలు, మొత్తం నాలుగు రంగాలు. కంపెనీలు విడిభాగాల వివరాలూ రిపేరు పద్ధతులూ జనం ముందు పెట్టాలన్నది దాని ఆశయం. మంచి ఆశయం. పోర్టల్ అంటే తలుపు. తలుపు తెరిచే ఉంది, నేను కాదనను. స్క్రూ తెరిచేవాడు కావాలి నాకు.

స్క్రూ అంటే గుర్తొచ్చింది. చెప్పడం మరిచాను, చెన్నై నుంచి వచ్చిన రాత్రి నేనూ ఒక ఘనకార్యానికి తెగబడ్డాను. వీడియోలు చూశాను. ప్రతి వీడియోలోనూ ఎవడో ఒకడు పది నిమిషాల్లో లెన్సును అరటిపండు ఒలిచినట్టు ఒలిచి మళ్లీ తొడిగేస్తాడు. ఇంట్లో ఉన్న స్టారు స్క్రూడ్రైవరు తీసి వెనక వైపు మొదటి స్క్రూ మీద పెట్టి తిప్పాను. జారింది. మళ్లీ తిప్పాను. స్క్రూ తల గుండ్రమైంది. జపాను కెమెరాల స్క్రూల గాడి మన అంగళ్లలో దొరికే స్టారు డ్రైవరుకు సరిగా కూర్చోదనీ, వాటికి జేఐఎస్ అని వాళ్ల దేశపు కొలత డ్రైవరు కావాలనీ అప్పుడు తెలియదు. ఒక్క స్క్రూతో ఆగాను. ఆగడానికి కారణం వివేకం కాదు, కరెంటు పోవడం.

ఇక గాంధీ రోడ్డు సందులో వాచీలు బాగుచేసే ముసలాయన. ఆయన దగ్గరికి తెలివితో పోలేదు, నా గడియారం స్ట్రాపు తెగి పోయాను. సంచిలో లెన్సు ఉంది కాబట్టి చూపించాను. ఆయన కంటికి భూతద్దం బిగించి, లెన్సును చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపాడు. జూమును బలవంతం చెయ్యకుండా, ఆగిన చోటు దాకా తిప్పి, వెనక్కి తిప్పి, మళ్లీ తిప్పాడు. తర్వాత లైటు కింద పెట్టి రెండు గొట్టాల మధ్య సందును చాలాసేపు చూశాడు. పట్టకారు తీసి, బియ్యంలో రాయి ఏరినట్టు, సన్నటి గాజు పెంకు ఒకటి బయటికి లాగాడు. పగిలిన ఫిల్టరు ముక్క. ఇంకొకటి. మూడోది. జూమ్ వెన్నలా తిరిగింది.

ఒకటింబావు ఆవులో ముక్కాలు ఆవు అక్కడికక్కడే బతికింది.

సొట్ట అంచుకు గుండ్రంగా చెక్కిన చెక్కముక్క ఒకటి లోపలి నుంచి ఆనించి, బయట చిన్న కొయ్య సుత్తితో తట్టాడు. విదేశాల్లో దీనికి ప్రత్యేకంగా ఒక బిగింపు పనిముట్టే ఉంది. ఈయనకు చెక్కముక్క ఉంది. పావుగంటలో అంచు ఫిల్టరు పట్టేంత గుండ్రమైంది. “లోపల గూడా ఒకతూరి విప్పి చూస్తారా?” అన్నాను ఆశగా. ఆయన భూతద్దం తీసి, ఈ వారం రోజుల్లో ఎవడూ అనని మాట అన్నాడు.

“నాకు తెలీదు సామీ. ఇది నా చెయ్యి గాదు.”

కమిటీలో పదిమందికి తెలుసు. చెన్నై కుర్రాడికి తెలుసు. వీడియోలో వాడికి తెలుసు. తెలియదన్నవాడు ఒక్కడే, పని చేసినవాడూ ఆ ఒక్కడే. మూడు వందలు తీసుకున్నాడు. నేను లేచేటప్పుడు, మరో వాచీ విప్పుతూ తలెత్తకుండానే, “పడక ముందు తీసిన ఫొటోలు చూసినారా? మా కాడికి పడిన గడియారాలు తెస్తారు. సగం గడియారాలు పడక ముందే నిలిచిపోయి ఉంటాయి” అన్నాడు.

ఆ మాటను అప్పుడు పట్టించుకోలేదు. ఇంటికి పోయి, ఎట్టకేలకు చెయ్యవలసిన మొదటి పని చివర్లో చేశాను. గోడకు దినపత్రిక నున్నగా అంటించాను. కెమెరాను స్టాండు మీద పెట్టి, గోడకు సరిగ్గా ఎదురుగా నిలిపి, 2.8 దగ్గర ఉంచి, 24లో ఒకటి, 50లో ఒకటి, 70లో ఒకటి తీశాను. తర్వాత కంప్యూటరులో నాలుగు మూలలూ పెద్దవి చేసి అక్షరాలు చదివాను. నడుమ చిన్నక్షరాల టెండరు నోటీసు కూడా చక్కగా చదవొచ్చు. కుడి వైపు రెండు మూలలూ బాగున్నాయి. ఎడమ వైపు మాత్రం అక్షరాలు కల్లు తాగి నిలబడ్డట్టు తూలుతున్నాయి.

ఇలాంటి లెన్సులో గాజు బిళ్లలు పదిహేను, ఇరవై దాకా ఉంటాయి. బ్రహ్మోత్సవాల్లో వాహనం మోసేవాళ్లను చూశారు కదా. అందరి భుజాలూ ఒక ఎత్తున ఉంటేనే స్వామి నిటారుగా ఉంటాడు. ఒక్కడి భుజం ఒక అంగుళం దిగితే వాహనం పక్కకు ఒరుగుతుంది, ఎవడు దిగాడో కింద నిలబడ్డ భక్తుడికి తెలియదు. లెన్సులోనూ అంతే. ఒక బిళ్ల వెంట్రుకవాసి ఒరిగినా బొమ్మలో ఒక పక్క తూలుతుంది. చూడ్డానికి గాజు శుభ్రంగానే ఉంటుంది. టీ అంగడి వైద్యులకు అందుకే అందదు. ఈ రోగం గాజులో కనపడదు, ఫొటోలో కనపడుతుంది.

ఇది తెలియక బోల్తాపడ్డవాళ్లలో మనం ఒంటరి కాదు, అంతటి నాసా కూడా ఉంది. 1990 ఏప్రిల్‌లో ఆకాశంలోకి పంపిన హబుల్ టెలిస్కోపు అద్దం అంచు దగ్గర 2.2 మైక్రాన్లు తప్పుగా అరగదీశారు. తల వెంట్రుక మందంలో ఏ యాభయ్యో వంతో. అద్దాన్ని పరీక్షించే పరికరంలోనే ఒక లెన్సును 1.3 మిల్లీమీటర్లు చోటు తప్పించి బిగించడం దానికి కారణం. నాకు ఇందులో నచ్చింది అది కాదు. నేల మీద ఉన్నప్పుడే వేరే పరీక్షలు రెండు ‘అద్దం తేడాగా ఉంది మొర్రో’ అని చూపించాయి. పెద్ద పరికరం బాగుందంటోంది కదా అని వాటిని పక్కన పెట్టేశారు. ఆ ఆఫీసులోనూ ఒక నాలుగు కాళ్ల మండపం ఉండి ఉండాలి. తర్వాత మాత్రం వాళ్లు ‘అసెంబ్లీ మార్చాలి సార్’ అనలేదు. 1993 డిసెంబరులో వ్యోమగాములు పైకి పోయి, కొలిచిన తప్పుకు సరిపడా కళ్లద్దాలు పెట్టి వచ్చారు.

నా ఎడమ మూలకు కళ్లద్దాలు ఎవరు పెడతారు? బిళ్లను మళ్లీ నడిమికి తేవాలంటే కొలిచే యంత్రం కావాలి, తెలిసిన చెయ్యి కావాలి, అది ఉన్నచోట ఎస్టిమేటు ఒకటింబావు ఆవు. మా ఆవిడ తన గాజులు రెండు తీసి బల్ల మీద పెట్టింది, మాట్లాడకుండా. మాట్లాడి ఉంటే బాగుండేది.

ఆ రాత్రి నిద్రపట్టక, ఏం చెయ్యాలో తోచక, ముసలాయన మాట గుర్తొచ్చి పాత ఫొటోలు తెరిచాను. మార్చిలో తలకోన పోయినప్పటివి. 270 అడుగుల ఎత్తు నుంచి పడుతున్నా దెబ్బ తగలనిది ప్రపంచంలో జలపాతమొక్కటే అనుకుంటూ తీసిన ఫొటో ఒకటుంది. ఎడమ పక్క చెట్లు మెత్తగా, పొగమంచులో ఉన్నట్టు. నీటి తుంపర అనుకుని దానికి ‘కలలో తలకోన’ అని పేరు పెట్టి పదిమందికీ పంపాను. నా శైలి మారిందని మెచ్చుకున్నారు కూడా. పెద్దది చేశాను. చంద్రగిరి కోటలో తీసినవి తెరిచాను. అక్కడ తుంపర లేదు, ఎండ మాత్రమే ఉంది. రాజమహల్ ఎడమ గోడ తూలుతోంది. ఫిబ్రవరిలో ఇంట్లో తీసినవి తెరిచాను. మా ఆవిడ ఎడమ భుజం తూలుతోంది. వెనక్కి వెనక్కి పోయి, సంక్రాంతి నాడు, లెన్సు నా చేతికి వచ్చిన గంటకు తీసిన మొదటి ఫొటో దగ్గర ఆగాను. నడుమ మా బావమరిది నవ్వుతూ స్పష్టంగా ఉన్నాడు. ఎడమ పక్కన ముగ్గు అలుక్కుపోయి ఉంది.

‘తిరిగియ్యాలని తొందరేం లేదు బావా.’

గాజులు మా ఆవిడ చేతికి తిరిగి ఎక్కించాను. ఫొటో చూపించలేదు. పుట్టింటి పరువు అంటే కెమెరా కన్నా సున్నితమైన పరికరం, పడితే దానికి ఏ అసెంబ్లీ దొరకదు.

వినాయక చవితికి వచ్చాడు. లెన్సు తుడిచి, కొత్త ఫిల్టరు బిగించి, డబ్బాలో పెట్టి చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూశాడు. కెమెరాకు తగిలించలేదు.

“ఏమన్నా తేడా కనిపించిందా బావా?”

“దేంట్లో?”

“ఊరికే అడిగినా.”

“ఏం లేదు. నువ్విచ్చినట్టే ఉంది.”

ఇద్దరం ఉండ్రాళ్లు తిన్నాం.

పది రోజులు తిరక్కముందే రియల్ ఎస్టేటు బ్రోకరు ఇంటికొచ్చాడు. కూతురు పెళ్లికి కెమెరా సొంతంగా కొనుక్కుంటే మేలని ఎవరో చెప్పారట. ఫోను ముందుకు తోశాడు. “మంచి లెన్సు సామీ, సవకగా వచ్చింది. నువ్వొకతూరి చూసిపెట్టు.” ప్రకటన చదివాను. 24-70, ఎఫ్ 2.8. ఒకే ఓనరు. బెంగుళూరు. ఎప్పుడూ కింద పడలేదు. కొత్త ఫిల్టరు ఉచితం. ఫొటోలో వెనక వైపు ఒక స్క్రూ తల గుండ్రంగా ఉంది.

“వాణ్ణి లెన్సు తీసుకుని రమ్మను. గోడకు పేపరు అంటించి ఒక ఫొటో తీసి చూద్దాం” అన్నాను, గమ్ టేపు కోసం లేస్తూ.

“దానికెందుకు సామీ అంత శ్రమ? ఫొటోలోనే తెలస్తా ఉండాది గదా, ఒక్క గీత గూడా లేదు” అంటూ ఆయన అడ్వాన్సు కొట్టేశాడు. “ఉన్నా ఏముంది, ఇంట్లో పేస్టు ఉండాది.”